పాలసీసా ఎన్నిసార్లు తిరుగుతుంది

ప్రాజెక్టు కోసం ప్రతి జట్టూ ఒక వస్తువును ఎంచుకోవాలి. అది పుట్టిన దగ్గర్నుంచి చెత్తలో కలిసేదాకా ఎంత బొగ్గు కాల్చిందో, ఎంత నీరు తాగిందో, గాలిలోకి ఎంత పొగ వదిలిందో లెక్క తేల్చాలి. ఇంజనీరింగు మూడో సంవత్సరంలో ఆ సబ్జెక్టు చెప్పే మేడమ్ దాన్ని వస్తువు జీవితచరిత్ర అనేది. ఒక జట్టు ప్లాస్టిక్ కుర్చీ తీసుకుంది. ఒక జట్టు చెప్పుల జత తీసుకుంది. వెనక బెంచీ జట్టు పాలసీసా తీసుకుంది.

ఆ జట్టులో ముగ్గురు: అమ్మడు, పుర్ర, నిద్రమొహం. అమ్మడిని ఇంట్లో అలా పిలుస్తారు. ఒకరోజు మర్చిపోయిన అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చిన పిన్ని వరండాలోంచి ఆ పేరుతో కేకేయడంతో కాలేజీలోనూ అదే ఖాయమైంది. పుర్రది పుర్రచేతి వాటం. లెక్కలు బాగా వస్తాయి, అనుమానం అంతకంటే బాగా వస్తుంది. నిద్రమొహం ఎక్కడ కూర్చోబెడితే అక్కడ నిద్రపోతాడు. లేచాక మాత్రం మిగతావాళ్ళు అడగడం మర్చిపోయిన ప్రశ్న అడుగుతాడు.

పాలసీసా ఆలోచన అమ్మడిది. చదువు కోసం ఆమె పిన్ని ఇంట్లో ఉంటోంది. పిన్ని ఊరి డెయిరీలో పనిచేస్తుంది. ఆ డెయిరీ పాలు గాజు సీసాల్లో వెళ్తాయి. ఖాళీ సీసాలు వెనక్కి వస్తాయి. వాటిని మిషనులో కడుగుతారు. కడిగినవి బెల్టు మీద ఒకదాని వెనక ఒకటిగా, వెనక లైటు వెలుగుతున్న ఒక తెల్లటి అద్దం ముందునుంచి పోతాయి. ఆ అద్దం ముందు కూర్చుని, పగులున్న సీసానీ మరక ఉన్న సీసానీ ఏరి పక్కన పెట్టడం పిన్ని పని. కాసేపు చూశాక కళ్ళు చూడటం మానేస్తాయి కాబట్టి అక్కడ ఇద్దరు వంతులవారీగా కూర్చుంటారు.

కడిగే మిషను పాతబడింది. కొత్తది తెప్పించాలా, లేక కడిగే పనే లేకుండా వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలకు మారాలా అని డెయిరీ యజమాని ఆలోచిస్తున్నాడు. మారితే మిషను ఉండదు, అద్దం ఉండదు, పిన్ని కుర్చీ ఉండదు. అతను ఆ సంగతి ఎవరి దగ్గరా దాచలేదు. పిల్లల్ని పంపుతానని మేడమ్ ఫోను చేస్తే ఇలా అన్నాడు.

"పంపండి మేడమ్. గాజు మంచిదనేవాడొకడు, ప్లాస్టిక్ మంచిదనేవాడొకడు. ఇద్దరికీ నోరే ఉంది, లెక్క లేదు. మీ పిల్లలు లెక్క చూపిస్తే దాని ప్రకారమే పోతా."

అమ్మడు మొదటిరోజే మేడమ్‌కి పిన్ని సంగతి చెప్పింది.

"అయితే సీసాలు లెక్కపెట్టే పనిలో నువ్వు ఉండకు," అంది మేడమ్. "నువ్వు తప్పు చేస్తావని కాదు. నువ్వు ఒప్పు చేసినా ఎవరూ నమ్మరు."

మొదటి వారాలు గోడ దగ్గర గడిచాయి. ల్యాబు గోడకి చార్టు అంటించి మధ్యలో సీసా బొమ్మ గీశారు. సీసాకి ఇసుక కావాలి, సోడా బూడిద కావాలి, సున్నపురాయి కావాలి, పాత గాజుపెంకులు కావాలి. సున్నపురాయికి క్వారీ కావాలి. క్వారీకి లారీ కావాలి. లారీకి టైరు, టైరుకి రబ్బరు చెట్టు. చార్టు చాలక పక్కన ఇంకోటి అంటించారు. అదీ చాల్లేదు. బొమ్మ గోడ మలుపు తిరిగింది, కిటికీ చేరింది, కిటికీ దాటింది. ఒకచోట కరెంటుకి ఇనుము కావలసి వచ్చింది, ఇనుముకి బొగ్గు కావలసి వచ్చింది, బొగ్గు తవ్వడానికి కరెంటు కావలసి వచ్చింది. బాణం గుర్తు బయల్దేరిన చోటికే తిరిగొచ్చింది. పుర్ర పెన్ను పట్టుకుని దాని ముందు నిలబడిపోయాడు.

"ఏది ముందు మేడమ్?"

"ఏదీ ముందు కాదు. అన్నిటికీ సమీకరణాలు రాసి అన్నిటినీ ఒకేసారి తేల్చాలి. విడిగా ఒక్కటీ తేలదు."

నిద్రమొహం కళ్ళు నులుముకున్నాడు. "రబ్బరు చెట్టుకి ఎండ కావాలి కదా మేడమ్. సూర్యుణ్ణి కూడా రాయాలా?"

క్లాసు గొల్లుమంది. మేడమ్ నవ్వలేదు.

"రాయి. ఒక గీత గీసి దానికి అవతల రాయి. గీత ఎక్కడ గీశారో రిపోర్టులో చెప్పాలి. గీతకి అవతల ఏమీ లేదని మాత్రం చెప్పకూడదు."

నిద్రమొహం కుర్చీ ఎక్కి కిటికీ పైన గోడ మూలలో సూర్యుణ్ణి గీశాడు.

గాజు కొలిమి రోజుకి ఎంతసేపు మండుతుందో కనుక్కోవడానికి అమ్మడు గాజు ఫ్యాక్టరీ ఇంజనీరుకి ఫోను చేసింది.

"ఎంతసేపేంటమ్మా? ఆర్పం," అన్నాడు ఇంజనీరు.

"సెలవు రోజుల్లో సార్?"

"అప్పుడూ ఆర్పం. ఆర్పితే లోపల గాజు గడ్డకడుతుంది, కొలిమి పగిలిపోతుంది. దీన్ని వెలిగించినప్పుడు నేను ఈ ఉద్యోగంలో లేను. ఆర్పేటప్పుడు ఉంటానో లేదో తెలీదు."

ఫోను పెట్టేసి అమ్మడు ఆ మాట మిగతా ఇద్దరికీ చెప్పింది. ముగ్గురూ బల్ల మీదున్న పాలసీసా వంక చూశారు. నిద్రమొహం దాన్ని బల్ల అంచు నుంచి కొంచెం లోపలికి జరిపాడు.

చివరికి గోడ మీదున్నదంతా ఒక్క అంకె దగ్గరికి వచ్చి ఆగింది. గాజు సీసాని తయారుచేయడానికి ప్లాస్టిక్ సీసా కంటే ఎన్నో రెట్లు ఇంధనం కాలుతుంది. అది ఎన్నిసార్లు తిరిగితే ఆ భారం అన్ని భాగాలవుతుంది. ఒక్కసారికే పోతే గాజు ఓడిపోతుంది. పది పన్నెండుసార్లు తిరిగితే గెలుస్తుంది. ఎన్నిసార్లు తిరుగుతుందో డెయిరీలో ఎవరికీ తెలియదు. లోపల పగిలినవి తెలుసు. ఊళ్ళో పగిలినవీ, వంటింటి అలమారాల్లో నూనె పోసుకుని ఉండిపోయినవీ ఎవరికి తెలుస్తాయి?

అందుకని నూట యాభై సీసాల మీద గుర్తు పెట్టి ఊళ్ళోకి పంపాలనుకున్నారు. తిరిగొచ్చినవాటిని అద్దం దగ్గర పట్టుకోవాలి. పట్టుకున్న సీసాని రెండోసారి లెక్కలోకి రాకుండా విడిగా క్రేటులో పెట్టాలి. ముగ్గురూ తలా యాభై కడిగిన సీసాలు తీసుకుని మెడ కింద నల్ల పెన్నుతో టిక్కు పెట్టారు. అమ్మడిదీ నిద్రమొహానిదీ స్టేషనరీ షాపు పెన్నులు. చెరగవని వాటి మీదే రాసి ఉంది. షాపులో మూడోది లేకపోతే పుర్ర కాలేజీ వెల్డింగు షెడ్డులో ఇనుము మీద గుర్తులు పెట్టుకునే పెన్ను అడిగి తెచ్చుకున్నాడు. ముందే పరీక్ష కూడా చేశారు. నిద్రమొహం తన పెన్నుతో ఒక సీసా మీద గీసి, హాస్టలు సింకులో సబ్బు పెట్టి తోమాడు. చెరగలేదు.

మేడమ్ చెప్పినట్టే అమ్మడు డెయిరీ లోపలికి వెళ్ళలేదు. పుర్రా నిద్రమొహమూ వంతులేసుకుని అద్దం దగ్గర పిన్ని పక్కన స్టూలు మీద కూర్చునేవాళ్ళు. ఆమె పగుళ్ళు చూసేది, వాళ్ళు టిక్కులు చూసేవాళ్ళు.

"ఏం బాబూ, కళ్ళు మూతలు పడుతున్నాయా?" అంది పిన్ని నిద్రమొహంతో.

"లేదు పిన్నిగారూ. రెప్ప వేస్తున్నా."

"రెప్ప వేసి ఎంతసేపైందో చూసుకో. ఈలోపల ఒక వీధి సీసాలు వెళ్ళిపోయాయి."

పుర్ర వంతు వచ్చినప్పుడు ఆమెకి వేరే ఇబ్బంది. అతను కుడివైపు స్టూలు మీద కూర్చుని ఎడమ చెయ్యి చాపేవాడు. ఆమె కుడి చెయ్యి చాపేది. ఇద్దరి మోచేతులూ కొట్టుకునేవి.

"నువ్వు అటుపక్కకి రా నాయనా. లేకపోతే ఇద్దరిలో ఎవరో ఒకరు బెల్టు మీద పడతాం. మనల్ని ఏరి పక్కన పెట్టేవాళ్ళు కూడా ఉండరు."

సీసాలు రావడం ఆగిపోయాక క్రేట్లలో నలభై ఏడున్నాయి. ఆ తర్వాత ఎదురుచూసినా ఒక్కటీ రాలేదు. నూట యాభైలో నలభై ఏడు. పుర్ర ల్యాబు బోర్డు మీద లెక్క వేశాడు. మూడింట రెండువంతులు పోతున్నాయి. అంటే ఒక్కో సీసా సగటున ఒకటిన్నరసారి తిరుగుతోంది. గాజు ఓడిపోయింది. ఏదో కొద్దిగా కాదు, చిత్తుగా.

"ఇది తప్పు," అంది అమ్మడు.

"ఎక్కడ తప్పు?"

"తెలీదు. ఎక్కడో ఉంది."

పుర్ర సుద్దముక్క కింద పెట్టాడు. "ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోకు. మీ పిన్ని ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఇదే అంకె వచ్చుంటే తప్పనేదానివా?"

అమ్మడు బోర్డు మీది అంకెలు మళ్ళీ మొదటినుంచీ చదివింది. ఎక్కడా తప్పు దొరకలేదు.

"తప్పుంటే చూపించు, చెరిపేస్తా," అన్నాడు పుర్ర. "నీకు నచ్చలేదని చెరపను. వచ్చే వారం యజమానికి చెప్పాలి."

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి పిన్ని వంటింట్లో ఖాళీ పాలసీసా కడుగుతోంది.

"ఏమే, తేలిందా మీ లెక్క?"

"తేలింది పిన్నీ. ఒక్కో సీసా ఒకటిన్నరసారి తిరుగుతోందట."

"ఒకటిన్నరా? అంటే రెండోసారి బయల్దేరి సందు చివరిదాకా వెళ్ళి ఆగిపోతుందా ఏంటే?"

అమ్మడు నవ్వలేదు. పిన్నికి అర్థమైంది. చేతులు తుడుచుకుని సీసాని వెలుతురుకి ఎత్తి చూసింది. ఇంట్లో కూడా ఆమెకి ఆ అలవాటు పోదు.

"ఇన్నేళ్ళలో తిరిగిరాని సీసాని నేను చూడలేదు," అంది. మళ్ళీ తనే, "అయినా నా ముందుకొచ్చేవన్నీ తిరిగొచ్చినవే కదా. రానివి నాకెలా కనిపిస్తాయి?" అంటూ సీసాని తీసుకెళ్ళి గుమ్మం పక్కన పెట్టి వచ్చింది. తర్వాత ఆ మాట ఎత్తలేదు. అన్నం పెట్టింది. మరునాడు వేసుకెళ్ళే చీరకి ఇస్త్రీ చేసుకుంది.

గుమ్మం పక్కనున్న ఆ సీసాని చూస్తుంటే అమ్మడికి ఒక సంగతి గుర్తొచ్చింది. టిక్కులు పెట్టిన మర్నాడు వాళ్ళింటికి వచ్చిన సీసా మెడ కింద టిక్కుంది. తన చేతి టిక్కే. గీత మొదట్లో సిరా చిక్కగా దిగింది కాబట్టి గుర్తుపట్టింది. ఆ సీసాని తనే కడిగి, తనే గుమ్మం పక్కన పెట్టింది. పాలవ్యాను అతను తీసుకెళ్ళి క్రేటులో పెడుతుంటే కిటికీలోంచి చూసింది కూడా. నూట యాభైలో మిగతావి ఏమయ్యాయో ఏమో కానీ అదొక్కటి మాత్రం డెయిరీకి చేరింది. చేరితే ఆ నలభై ఏడింటిలో ఉండాలి.

పొద్దున్నే ల్యాబు తెరిపించి క్రేట్ల ముందు కూర్చుంది. ఆమె వాటిని చూడటం అదే మొదటిసారి. ఒక్కో సీసానీ తిప్పి చూసింది. తన టిక్కు లేదు. మళ్ళీ మొదటినుంచీ చూసింది. రెండోసారి చివరిదాకా చూడలేదు. మధ్యలోనే ఆపేసి బయటికెళ్ళి పుర్రనీ నిద్రమొహాన్నీ వెంటబెట్టుకొచ్చింది.

"నేనేం చెప్పను. నేను చెబితే మా పిన్ని కోసం చెప్పినట్టుంటుంది," అంది. "బోర్డు మీద ఒక టిక్కు పెట్టు."

పుర్ర అనుమానంగా చూసి ఎడమ చేత్తో సుద్ద తీసుకుని టిక్కు పెట్టాడు. ఆమె కుడి చేత్తో పక్కనే ఇంకోటి పెట్టింది. ఆమెది పొడుగు గీత కుడివైపుకి లేచింది. అతనిది ఎడమవైపుకి లేచింది. రెండు టిక్కులూ మాటల్లేని అన్నదమ్ముల్లా చెరోవైపు తిరిగి ఉన్నాయి.

"ఇప్పుడు ఆ క్రేట్లలో నాది ఒక్కటి తీసి చూపించు."

పుర్ర మొదటి సీసా తీశాడు, పెట్టేశాడు. రెండోది తీశాడు. తర్వాత తీయడం మానేసి క్రేటు మీదికి వంగి చూపుడువేలితో ఒక్కో మెడా తాకుతూ పోయాడు. ఆఖరి సీసా దగ్గర వేలు ఆగింది.

"అన్నీ నావే," అన్నాడు.

"నేనూ యాభై పెట్టాను కదరా. నావేమైనట్టు?" అన్నాడు నిద్రమొహం.

"ఇన్ని రోజులూ ఈ తిరగబడ్డ టిక్కులే నీ కళ్ళముందు పోయాయి కదా, ఎలా కనిపెట్టలేదు?" అంది అమ్మడు పుర్రతో.

"నాకవి సరిగ్గానే కనిపించాయి," అన్నాడు పుర్ర. "టిక్కు ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి." నిద్రమొహం వైపు తిరిగాడు. "మరి నీకేమైందిరా?"

"టిక్కుందా లేదా అని చూడమన్నారు. ఎటు తిరిగుందో చూడమని నాకెవరు చెప్పారు?"

ముగ్గురూ ఒకేసారి గోడ వైపు తిరిగారు. సీసా బొమ్మ నుంచి కడిగే మిషనుకి వెళ్ళే బాణం మీద, పుర్ర చేతిరాతతో, వేడినీళ్ళు అనీ కాస్టిక్ సోడా అనీ ఉంది. సీసాకి ఎంత కాస్టిక్ పడుతుందో, నీళ్ళు ఎంత వేడెక్కుతాయో వాళ్ళే కొలిచి రాశారు. ఆ కాస్టిక్ తయారీలో ఎంత కరెంటు పోతుందో లెక్కకట్టారు. అది కాలవలోకి వెళ్ళాక ఏమవుతుందో రాశారు. వాళ్ళు పెట్టిన టిక్కుని అది ఏం చేస్తుందని ఒక్కరూ అనుకోలేదు. హాస్టలు సింకులో నిలిచిన సిరా ఆ మిషనులో నిలవలేదు. ఇనుము మీద రాసే పెన్ను గీత నిలిచింది. ఒక్కటి కూడా దొరకకపోయి ఉంటే అప్పుడే అనుమానపడి ఉండేవాళ్ళు. నలభై ఏడు దొరికాయి కాబట్టి నమ్మేశారు.

పుర్ర బోర్డు మీద నూట యాభై చెరిపాడు. యాభై అని రాశాడు. యాభైలో నలభై ఏడు. కింద భాగహారం వేసి కాసేపు దాని వంకే చూశాడు.

"పదహారుసార్ల పైనే," అన్నాడు. గొంతు తగ్గింది. "కానీ నేనిది ఇంకా ఒప్పుకోను. వెళ్ళి మిషనులో వేసి చూస్తా. నువ్వు లోపలికి రాకు."

"గేటు దగ్గరే ఉంటా," అంది అమ్మడు.

పుర్ర మూడు సీసాలకి మూడు పెన్నులతో టిక్కు పెట్టుకుని లోపలికి వెళ్ళాడు. అమ్మడు వాచ్‌మన్ బెంచీ మీద కూర్చుంది. వ్యాన్లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి ఖాళీ క్రేట్లు దించుతున్నాయి. కొన్ని సీసాల అడుగున ఒక చుక్క పాలు మిగిలి ఉన్నాయి. ఒకదానిలో ఎవరో పువ్వు పెట్టుకుని తీయడం మర్చిపోయారు, కాడ లోపలే ఉంది. ఒకదానికి చంటిపిల్ల బొటనవేలి ముద్ర జిడ్డుగా అంటుకుని ఉంది. ఊళ్ళో గుమ్మాల దగ్గర విడివిడిగా నిలబడినవన్నీ ఇక్కడ భుజం భుజం రాసుకుని నిలబడ్డాయి. ఆమె ఈ బొమ్మని గోడ మీద గీసింది. ఒక గడి, ఒక బాణం, బాణం మీద "వాపసు" అనే మాట. ఇప్పుడు ఆ బాణం ఆమె ముందు గలగలమని చప్పుడు చేసుకుంటూ గేట్లోకి పోతోంది.

పుర్ర బయటికొచ్చి మూడు సీసాలూ బెంచీ మీద పెట్టాడు. ఒక్కదాని మీదే టిక్కుంది. ఎడమవైపుకి లేచిన టిక్కు.

"నిన్న నేనన్న మాట..." అన్నాడు.

"అడగాల్సిన మాటే అడిగావు," అంది అమ్మడు. "నువ్వు అడక్కపోతే నేను క్రేటు ముందు కూర్చునేదాన్నే కాదు."

కథ అక్కడితో అయిపోయి ఉండేది, నిద్రమొహం మధ్యాహ్నం ల్యాబులో నిద్రపోకపోతే. పుర్ర రిపోర్టు తిరగరాస్తున్నాడు. నలభై ఏడు సీసాలూ బల్ల మీద అడ్డంగా పడుకుని ఉన్నాయి. వాటి పక్కనే నిద్రమొహం తల వాల్చాడు. బల్ల మీద చెంప ఆనించినవాడికి సీసాల అడుగులే ఎదురుగా కనిపిస్తాయి. కళ్ళు తెరిచి చాలాసేపు కదలకుండా చూశాడు.

"ఒరే, అడుగున ఈ అంకెలేంటి?"

ప్రతి సీసా అడుగునా గాజులోనే పోతపోసినట్టు రెండంకెలున్నాయి. అచ్చు నంబరనుకున్నారు. అయినా అమ్మడు గాజు ఫ్యాక్టరీకి ఫోను చేసింది.

"అది పోతపోసిన సంవత్సరమమ్మా," అన్నాడు ఇంజనీరు. "ఆఖరి రెండంకెలు వేస్తాం."

వాళ్ళు సీసాల్ని లేపి సంవత్సరాల వరసలో నిలబెట్టారు. సగానికి పైగా ఈ రెండు మూడేళ్ళవే. తర్వాత ఒక్కో ఏడాదికి ఒకటో రెండో ఉన్నాయి. నిలబెడుతుండగా ఇంకోటి కనిపించింది. క్రేట్లలో, బెల్టు మీద సీసాకి సీసా రాసుకున్న చోట, భుజం చుట్టూ గాజు అరిగి తెల్లటి పట్టీ పడుతుంది. కొత్త సీసాలకి అది వెంట్రుకంత ఉంది. వరసలో ముందుకి పోయేకొద్దీ వెడల్పవుతూ పోయింది. ఆఖరి సీసాకి రెండు వేళ్ళ వెడల్పుంది. అక్కడ గాజు పొగమంచులా ఉంది, వేలు పెడితే గరుకు తగిలింది. అడుగున ఉన్న ఏడాదికి ఆ ముగ్గురిలో ఒక్కరూ ఇంకా పుట్టలేదు.

"మనకంటే పెద్దది," అన్నాడు నిద్రమొహం. అతనికి నిద్ర పూర్తిగా వదిలిపోయింది.

మేడమ్ వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీ జట్టు వచ్చింది. చెప్పుల జట్టు వచ్చింది. అందరూ బల్ల చుట్టూ చేరారు. ఒకమ్మాయి చెయ్యి చాపి ముట్టుకోకుండానే వెనక్కి తీసుకుంది.

పుర్ర కాగితం మీద లెక్క వేసి, కొట్టేసి, మళ్ళీ వేశాడు. "నా లెక్క ప్రకారం ఇది ఉండకూడదు మేడమ్," అన్నాడు. "వందకి తొంభై నాలుగు చొప్పున తిరిగొస్తుంటే ఇన్నేళ్ళలో ఇది ఎప్పుడో పోయి ఉండాలి. ఇలాంటి సీసా ఊరు మొత్తంలో ఒక్కటి కూడా మిగలదు."

"అలమారాలో పడి ఉందేమో ఇన్నాళ్ళూ," అంది చెప్పుల జట్టు అమ్మాయి.

"పడి ఉంటే ఈ పట్టీ పడదు. ఇది తిరిగింది. ఆగకుండా తిరిగింది."

"అయితే సీసాది తప్పా, లెక్కది తప్పా?" అంది మేడమ్.

పుర్ర సీసా వంక చూసి, "లెక్కదే," అన్నాడు. "ఊరంతా ఒకటే అనుకున్నాను. పోగొట్టేవాళ్ళు ఎక్కడో ఉన్నారు. అసలు పోగొట్టనివాళ్ళు ఇంకెక్కడో ఉన్నారు. రెంటినీ కలిపేసి సగటు కట్టాను."

యజమానికి ఇంకొన్ని వారాలు గడువు అడిగారు. పుర్ర వెల్డింగు షెడ్డు నుంచే రెండు రంగుల పెన్నులు తెచ్చి మళ్ళీ గుర్తులు పెట్టాడు. ఇళ్ళకి వెళ్ళే సీసాలకి తెలుపు, షాపులకి వెళ్ళేవాటికి పసుపు. ఇళ్ళ సీసాల్నీ షాపుల సీసాల్నీ డెయిరీలో వేర్వేరుగా కడిగి నింపుతారు కాబట్టి అవి ఒకదానిలో ఒకటి కలవవు. అద్దం దగ్గర అతనూ నిద్రమొహమూ కూర్చున్నారు. అమ్మడు ల్యాబులోనే ఉంది. పసుపువాటిలో ఐదింట ఒకటి రాలేదు. షాపులో కొన్నవాడు దార్లో తాగి సీసాని ఎక్కడో వదిలేస్తున్నాడు. తెల్లవి వంద పంపితే తొంభై తొమ్మిది వచ్చాయి. పొద్దున్నే తలుపు తీసి, పాలు తీసుకుని, కడిగి, గుమ్మం పక్కన పెట్టేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. వాళ్ళకి ఒకరితో ఒకరికి పరిచయం లేదు. ఎవరూ వాళ్ళకి లెక్క చెప్పలేదు, కట్టుబాటు పెట్టలేదు. ఆ సీసా ఇన్నేళ్ళు వాళ్ళ చేతుల మీదుగా నడిచింది. ఏ ఒక్కరూ జారవిడవలేదు.

డెయిరీ ఆఫీసులో పుర్రే మాట్లాడాడు. మొదట వచ్చిన అంకె చెప్పాడు, అది ఎలా తప్పిందో చెప్పాడు, ఆ తర్వాత రెండు రంగుల లెక్క చెప్పాడు. యజమాని మధ్యలో ఆపాడు.

"అంటే మీరు పెట్టిన గుర్తుల్ని నా మిషను కడిగేసింది."

"అవును సార్."

"బాగానే పనిచేస్తోందన్నమాట." తనే నవ్వాడు. తర్వాత కాగితం దగ్గరికి లాక్కుని ఆ రెండు వరసలూ వేలు పెట్టి చదివాడు. తొందరపడలేదు. "షాపుల్లో గాజు పనికిరాదు. వాటికి వేరే దారి చూస్తా. ఇళ్ళకి గాజే. కొత్త మిషను తెప్పిస్తా."

అమ్మడు గోడ పక్కన నిలబడి ఉంది. చేతులు కట్టుకుని ఉంది. అవి విప్పడానికి కొంచెంసేపు పట్టింది.

నిద్రమొహం సంచిలోంచి ఆ పాత సీసాని తీసి బల్ల మీద పెట్టాడు. యజమాని దాన్ని తిప్పి అడుగు చూశాడు, పట్టీ మీద బొటనవేలు రాశాడు. కాసేపు అతను వ్యాపారం సంగతి మర్చిపోయాడు.

"మా నాన్న కొన్న లాటులోది," అన్నాడు. "దీన్ని ఆ అద్దాల బీరువాలో పెట్టిస్తా. కింద ఏడాది రాయిస్తా."

"పెడితే అక్కడితో ఆగిపోతుంది సార్," అంది అమ్మడు. ఆ గదిలో ఆమె మాట్లాడింది అదొక్క మాటే.

యజమాని ఆమె వంకా సీసా వంకా చూశాడు. "సరే పదండి. అది నేను చెప్పే మాట కాదు. చెప్పేవాళ్ళు లోపలున్నారు."

సీసా మళ్ళీ మిషనులోంచి వెళ్ళి, మిగతావాటితో కలిసి బెల్టు మీద వచ్చింది. పిన్ని దాన్ని తీసి అద్దానికి ఎదురుగా పట్టుకుంది. వెలుగు గాజులోంచి దిగి, పట్టీ దగ్గర ఆగి, కిందనుంచి మళ్ళీ బయల్దేరింది. ఆమె సీసాని చుట్టూ తిప్పింది. మూతి అంచు మీద వేలు నడిపింది.

"ఏంటమ్మా, పగులేమైనా ఉందా?" అన్నాడు యజమాని.

"ఆగండి సార్."

అందరూ ఆగారు. బెల్టు కూడా ఆపారు. ఆమె మూతి మీద ఒకచోట వేలు వెనక్కి తెచ్చి మళ్ళీ చూసింది. అమ్మడు పిన్ని వేలినే చూస్తోంది. పగులుంటే పిన్ని పక్కన పెట్టేస్తుంది. ఎవరు చూస్తున్నా, ఎంత పాతదైనా పెట్టేస్తుంది. పిన్ని అడుగు పైకి తిప్పి అంకెలు చదివింది.

"నేను చేరకముందుదే ఇది," అంది. "అయితే నేను చేరిన మొదటిరోజునుంచీ నా ముందునుంచే పోతోందన్నమాట. ఎన్నిసార్లు పోయుంటుంది బాబూ?"

"వెయ్యిసార్ల పైనే పిన్నిగారూ," అన్నాడు పుర్ర. "తక్కువ వేసుకున్నా."

"వెయ్యిసార్లు!" పిన్ని సీసాని ఇంకోసారి వెలుగుకి ఎత్తింది. "ఒక్కసారీ గుర్తుపట్టలేదు చూడు. ప్రతిసారీ బాగానే ఉందని పంపించేశాను." కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత, "ఇప్పుడూ బాగానే ఉంది," అని బెల్టు మీద పెట్టి, స్విచ్చు తనే వేసింది.

సీసా వరసలో కలిసి నింపే చోటికి వెళ్ళింది. పాలు పడ్డాయి, రేకు మూత పడింది. మెడ కింద ఎడమవైపుకి లేచిన టిక్కు ఒకసారి కనిపించింది. క్రేటులో పెట్టాక అది అటు గోడవైపుకి తిరిగింది. ఇక ఏది ఏదో తెలియలేదు. క్రేట్లు వ్యాన్లలోకి ఎక్కాయి. ముగ్గురూ గేటు దగ్గర నిలబడి, వ్యాన్లు ఒక్కొక్కటే తలో వీధిలోకి తిరగడం చూశారు. అది ఏ వ్యానులో ఉందో, రేపు పొద్దున ఎవరి గుమ్మం ముందు నిలబడుతుందో వాళ్ళకి తెలియదు. అక్కడినుంచి అది తిరిగొస్తుందని మాత్రం తెలుసు.